ఈ కుర్చీలో మనుషులున్నారండీ

మా మనవరాలు నీరజ జగ్గయ్యపేట జనాభా మొత్తాన్ని లక్షసార్లు పెళ్లి భోజనానికి పిలిచింది. లక్షసార్లూ కూర్చోబెట్టి, లేపి, చేతులు కడిగించి పంపింది. ఒక్క బూరె కూడా ఖర్చు కాలేదు.

కొంచెం వెనక్కి తగ్గుతాను. జనాభా మొత్తం కాదు, ఒక పెళ్లికి వచ్చేంత మంది. లక్షసార్లు కాదు, చాలాసార్లు. వచ్చినవాళ్లు మనుషులు కూడా కాదు, కంప్యూటర్లో చుక్కలు. కానీ అవి మన ఊరి చుక్కలే అని మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. నడిచే తీరు చూసి కొన్నింటిని పేర్లతో సహా గుర్తుపట్టాను. ఒక చుక్క మా వీధి చివర బట్టల కొట్టాయనే. ఎవరు అడ్డం వచ్చినా పక్కకు జరగదు, ఎదుటి చుక్కే జరగాలి.

నీరజ నందిగామలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్లి వస్తుంది. మనిషి పొట్టి. బోర్డు మీద పై వరస రాయాలంటే మునివేళ్ల మీద నిలబడాలి. ఆమె పరిశోధన గుంపుల మీద. జనం ఒకచోట చేరితే ఎలా నడుస్తారు, గుమ్మాల దగ్గర ఎందుకు ఇరుక్కుంటారు, ఒక్క అడుగు జాగా కోసం ఒకళ్లతో ఒకళ్లు ఎలా పోటీ పడతారు, ఇదంతా చుక్కలతో కంప్యూటర్లో ఆడించి చూస్తుంది. దాన్ని ఆమె సిమ్యులేషన్ అంటుంది. ఆమె నాయనమ్మ, అంటే మా ఆవిడ సత్యనారాయణమ్మ, చుక్కలాట అంటుంది.

ఈ చదువుకు పునాది వేసింది నేనే. వేయడం అంటే నిజంగానే వేశాను, కిటికీలోంచి.

నీరజ చిన్నప్పుడు మా బస్టాండులోకి విజయవాడ బస్సు వచ్చి ఆగకముందే జనం కిటికీల మీద పడేవారు. తువ్వాళ్లు, కర్చీఫులు, సంచులు, ఒక్కోసారి చెప్పులు కూడా లోపలికి ఎగిరేవి. ఎవరి కర్చీఫ్ పడితే సీటు వాళ్లది. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు, అయినా దీన్ని కాదన్నవాణ్ణి నేను చూడలేదు. నేనేమో కాన్వెంటులో చదివినవాణ్ణి. సిస్టర్ సూసన్ మమ్మల్ని పెదాల మీద వేలు పెట్టించి, ముందువాడి చొక్కా తగలకుండా లైన్లో నడిపించేది. ఆ అలవాటుతో మన బస్టాండులో నిలబడితే మర్నాటికి కూడా బస్సెక్కలేం. అందుకని కర్చీఫుకు బదులు మనవరాలిని వేసేవాణ్ణి.

చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే కిటికీలోంచి పిల్లిపిల్లలా జారేది. ముగ్గురు కూర్చునే సీటు మీద అడ్డంగా పడుకుని, తల ఒక కొసకు ఆనించి, పాదాలు రెండో కొసకు అందడం కోసం సాగేది. ఎవరైనా దగ్గరకొస్తే పడుకునే "మనుషులున్నారండీ" అనేది. ఖాళీ సీటు చూపించి మనుషులున్నారనడం ఏమిటని ఎవరూ అడగరు. ఎంత లావు మనిషైనా ఆ మాటకు వెనక్కి తగ్గేవాడు.

ఒకసారి పొరపాటున కోదాడ బస్సులో వేశాను. నేను వెనక నుంచి తిరిగి తలుపు దగ్గరకు వెళ్లేలోపు బస్సు కదిలిపోయింది. జనం ఒకరి మీద ఒకరు వేలాడుతున్న ఆ బస్సులో ఒక్క సీటు మాత్రం నిండా ఖాళీగా, దాని మీద పిడికెడంత పిల్లతో, కోదాడ చేరింది. తిరిగి తీసుకొస్తూ కండక్టరు పక్కన కూర్చోబోతే అతనికీ అదే మాట చెప్పిందట. కోదాడ అన్నది నేను కలిపింది. ఊరి పొలిమేర దాటకముందే ఆపి, ఎవరో మోటారు సైకిలు మీద వెనక్కి తెచ్చారు. సీటులోకి ఎవరినీ రానివ్వలేదన్నది మాత్రం అక్షరాలా నిజం.

ఇక సత్యనారాయణమ్మ సంగతి. ఆమెకు పెళ్లిళ్లంటే ప్రాణం. శుభలేఖ ఇస్తే పెళ్లికొడుకు ఏం చదివాడని అడగదు, వంట ఎవరిదని అడుగుతుంది. శాంతయ్య వంట అని చెబితే రోహిణీ కార్తె ఎండలో కూడా బయల్దేరుతుంది. బంతిలో ఆమె పక్కన చోటు దొరికినవాళ్లది అదృష్టం. అవతలి వరసలో తిరుగుతున్న రెండు బూరెల బేసిన్లలో వేడివి ఏవో ఇక్కడి నుంచే చెబుతుంది.

పోయినేడు మాఘమాసంలో మా బంధువుల పెళ్లి ఒకటి హైవే పక్కన ఫంక్షన్ హాల్లో జరిగింది. మొదటి బంతి లేస్తున్నారన్న మాట వినపడగానే భోజనాల గది గుమ్మం దగ్గర తోపులాట మొదలైంది. అందులో మా ఆవిడ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషను, నెలల తరబడి వాకరు, ఆ తర్వాత చేతికర్ర. నడక తిరిగి వచ్చింది కానీ పెళ్లిళ్లు పోయాయి. శుభలేఖలు వస్తూనే ఉన్నాయి. తీసుకునేది, వంట ఎవరిదో అడిగేది, బల్ల మీద పెట్టేసేది. ఇంట్లో మేం పెళ్లి నుంచి వచ్చి ఏం పెట్టారో చెప్పబోతే వినకుండా లోపలికి వెళ్లేది. అది నాకు తుంటి విరిగినదానికన్నా బాధగా ఉండేది.

అలా ఉండగా నీరజ తమ్ముడు అవినాష్‌కు పెళ్లి కుదిరింది. ఆడపిల్లవాళ్లది నందిగామ. రెండు ఊళ్లవాళ్లకూ దారిలో ఉంటుందని వాళ్లు మాట్లాడిన హాలు అదే. శ్రావణమాసం, పగటి ముహూర్తం. వంట శాంతయ్యది.

మా ఆవిడ వెంటనే తేల్చేసింది. అందరూ వెళ్లి రమ్మంది. తను ఇంట్లో కూర్చుని ఫోన్లో చూస్తూ అక్షింతలు వేస్తానంది. అక్షింతలు ఫోను మీద పడితే నేను తుడవాలి కాబోలని అన్నాను కానీ ఎవరూ నవ్వలేదు. అవినాష్ కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు బతిమాలాడు. అవసరమైతే చేతుల మీద మోసుకెళ్తానన్నాడు.

"బుట్టలో పెళ్లికూతుర్ని తెస్తార్రా, ముసలమ్మని కాదు," అంది మా ఆవిడ.

నీరజ బతిమాలలేదు. గుమ్మానికి ఆనుకుని అంతా విన్నది. చివర్లో, "నువ్వొస్తావు నాయనమ్మా. ఆ గుమ్మం సంగతి నేను చూస్తా," అంది. ఈ పిల్ల మాటిచ్చిందంటే కోదాడ దాకా వెళ్లినా సీటు వదలదని నాకు తెలుసు.

మర్నాడే టేపు పట్టుకుని హాలుకు వెళ్లింది. హాలు మేనేజరు చంద్రమౌళి మొదట ఆమెను ఏదో ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మనిషి అనుకుని కొబ్బరినీళ్లు తెప్పించాడు. కాదని తెలిశాక కూడా తాగమన్నాడు, మంచివాడు. గుమ్మం వెడల్పు, బల్లల వరసలు, వరసల మధ్య దారి, చేతులు కడుక్కునే చోటు, అన్నీ కొలుచుకుని వచ్చి మా భోజనాల బల్ల మీద కంప్యూటర్లో హాలు గీసింది.

తర్వాత చుక్కల్ని వదిలింది. వాటి నడకకు ఆమె పెట్టిన నియమాలు నాకు అర్థమయ్యేంత తేలిక. ప్రతి చుక్కకీ వెళ్లాల్సిన చోటు ఒకటి ఉంటుంది. అటు వెళ్లాలని లోపల నుంచి ఒక తోపు. చుట్టూ తనదైన కాస్త జాగా. ఇంకో చుక్క ఆ జాగాలోకి వస్తే దూరంగా జరగాలని ఇంకో తోపు. గోడ దగ్గరైతే గోడ తోస్తుంది. ఈ తోపులన్నీ కలిస్తే నడక. అందరి మధ్యలో నెమ్మదిగా కదిలే పసుపు చుక్క ఒకటి పెట్టింది. అది నాయనమ్మ అని చెప్పక్కర్లేదు.

చుక్కలు గుమ్మం దగ్గర కాస్త గుమిగూడాయి, విడివడ్డాయి, కుర్చీలు చేరాయి. పసుపు చుక్క కూడా తాపీగా వెళ్లి కూర్చుంది. నేను చప్పట్లు కొట్టాను. నీరజ మొహం మాత్రం వాడిపోయింది. అంతా ఇంత సాఫీగా జరిగేదైతే నాయనమ్మ ఎందుకు పడింది? చుక్కలకు ఆకలి పెంచింది, తొందర పెంచింది. తొందర పెరిగే కొద్దీ గుమ్మం దగ్గర నడక నెమ్మదిస్తుందని, మెల్లగా వెళ్తే అందరూ ముందే చేరతారని నాకు చూపించింది. అది వింతగానే ఉంది. కానీ ఎంత తొందర పెట్టినా ఆ ముద్ద కాసేపటికి విడిపోయేది. పసుపు చుక్క ప్రతిసారీ క్షేమంగా కుర్చీ చేరేది.

"నీ చుక్కలు సిస్టర్ సూసన్ దగ్గర చదువుకున్నట్టున్నాయే. ఒక్కటీ మన ఊరిది కాదు," అన్నాను.

"మరి మన ఊరి చుక్క ఏం చేస్తుంది తాతయ్యా?"

తెలిసినట్టు ఓ కథ చెప్పాను. ఆమె వినలేదు.

జవాబు కోసం పెళ్లిళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. మనకు పిలుపు లేని పెళ్లిళ్లు. చంద్రమౌళి దయవల్ల మేడ వరండాలో నిలబడితే భోజనాల గది గుమ్మమూ లోపలి సగం బల్లలూ కనపడతాయి. అక్కడ నిలబడి గుమ్మం వైపే చూసేది. ఆడపిల్లవాళ్లు ఆమెను మగపిల్లవాడి తరఫు అనుకుని మర్యాద చేసేవారు, మగపిల్లవాడివాళ్లు ఆడపిల్ల తరఫు అనుకుని మాటపట్టింపుకు పోయేవారు. ఒంటరిగా నిలబడ్డ చక్కని పిల్లను చూసి పెద్దవాళ్లు గోత్రం అడిగేవారు. ఆ ముహూర్తాల్లో ఆమెకు వచ్చినన్ని సంబంధాలు మా ఇంటా వంటా ఎవరికీ రాలేదు.

చూసీ చూసీ ఒకరోజు ఆమె కళ్లు గుమ్మం వదిలి లోపలి బల్లల మీదికి వెళ్లాయి. పట్టు పరికిణీ కట్టిన చిన్నపిల్ల ఒకతె వరస కుర్చీల మీద బోర్లా పడుకుని ఉంది. ఒక కుర్చీ మీద కర్చీఫ్, ఒకదాని మీద కారు తాళం, ఇంకోదాని మీద ఎవరిదో కళ్లజోడు. పెద్ద కుటుంబం ఒకటి లోపలికి వచ్చింది, ఆ వరస వైపు నడిచింది. పిల్ల తల ఎత్తి ఏదో అన్నది. మేడ మీదికి మాట వినపడదు. కానీ నీరజకు పెదాలు చూడగానే తెలిసింది. ఆ మాట ఆమెదే కదా. ఆ కుటుంబం ఇంకో వరస చూసింది, అక్కడా అదే. గది సగం ఖాళీ, ఒక్క కుర్చీ లేదు. వాళ్లు వెనక్కి తిరిగారు. వచ్చిన గుమ్మం వైపే నడిచారు.

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నీరజ చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా కూర్చుంది.

"నాయనమ్మా, నువ్వు పడ్డ రోజు నిన్ను తోసినవాళ్లు లోపలికి వెళ్తున్నారా, బయటికొస్తున్నారా?"

"లోపలికి వెళ్లేవాళ్లకి వీపులుంటాయే. నాకు కనపడినవన్నీ మొహాలు."

నీరజ నేల చూస్తూ చెప్పింది. ఆ రోజు తను ముందే లోపలికి వెళ్లింది. నాయనమ్మ నెమ్మదిగా వస్తుంది కదా, ఈలోపు కుర్చీలు పట్టాలని పరిగెత్తింది. నాయనమ్మకు, నాకు, వాళ్ల అమ్మానాన్నలకు, అవినాష్‌కు, వరస మొత్తం మీద చున్నీ పరిచింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ మనుషులున్నారని చెప్పింది. వాళ్లంతా వెనక్కి తిరిగి గుమ్మం వైపు వెళ్లారు. గుమ్మంలో నాయనమ్మ ఉంది.

"నీ కుర్చీ కోసమే నాయనమ్మా. నీ కుర్చీ కోసం నేను తిప్పి పంపినవాళ్లే వచ్చి నిన్ను తోశారు."

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయను అటూ ఇటూ తిప్పి చూసి ఈనె లాగింది. "కుర్చీలు పట్టకుండా నిలబడి ఉంటే ఆ రోజు నిన్ను ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. లే, చెప్పులు బయట విప్పు," అంది.

ఆ సాయంత్రం నీరజ చుక్కలకు కర్చీఫులు ఇచ్చింది. కుటుంబానికి ఒక చురుకైన చుక్క ముందు పరిగెడుతుంది, తనవాళ్లందరి కుర్చీలూ పట్టేస్తుంది. మిగిలినవి వెనక తాపీగా వస్తాయి. కుర్చీ దొరకనివి వెనక్కి తిరుగుతాయి. అంతే మార్చింది. తెర మీద చుక్కలు కదిలాయి. లోపల కుర్చీలు ఖాళీగా ఉండగానే నిండిపోయాయి. తిరిగి వచ్చేవి గుమ్మంలో ఎదురుపడ్డాయి. వెళ్లేవి ఆగలేదు, వచ్చేవి తగ్గలేదు. ఒత్తిడి పెరిగిన చోట చుక్కలు ఎర్రబడతాయి. గుమ్మానికి ఎడమ పక్క, మా ఆవిడ సరిగ్గా ఎక్కడ పడిందో అక్కడ, ఎర్రటి ముద్ద. మధ్యలో పసుపు చుక్క కదలడం మానేసింది.

నీరజ దాన్ని మళ్లీ నడిపించింది. మళ్లీ అంతే. నేను ఆ పిల్ల మొహం చూస్తూ కూర్చున్నాను. కట్టిన లెక్క కుదరకపోతే మనుషులు సాధారణంగా లెక్కను తిడతారు, లేదా లోకాన్ని తిడతారు. ఆమె మాత్రం లెక్కలో తను లేనని కనిపెట్టి, తనను తీసుకెళ్లి అందులో పెట్టింది. నేను అబద్ధాలతో పొట్ట నింపుకునే మనిషిని, అయినా ఆ పని నాకు చేతకాదని ఒప్పుకుంటున్నాను.

జబ్బు తెలిసింది, మందు కావాలి. హాల్లో ఎవరూ కుర్చీలు పట్టకూడదని బోర్డు పెట్టిద్దామా అని చంద్రమౌళిని అడిగితే అతను భయపడిపోయాడు. మా ఆవిడ ఇంకా ముందుకు వెళ్లి, కర్చీఫ్ వెయ్యొద్దంటే ఇక పెళ్లికి ఎవరొస్తారంది. తన వాళ్ల కోసం చోటు పట్టనివాడు ఏం చుట్టమని అడిగింది. నీరజకు అది సబబుగానే తోచింది. జనాన్ని మార్చడం మానేసి గదిని మార్చడం మొదలుపెట్టింది.

చేతులు కడుక్కునే చోట పక్క తలుపు ఒకటి ఉంది. దానికి విరిగిన కుర్చీలు అడ్డం పెట్టి ఉన్నాయి. వాటిని తీయించింది. కుర్చీ దొరకనివాళ్లు, తిని లేచినవాళ్లు, అందరూ అటు నుంచి బయటికి వెళ్తే గుమ్మంలో ఎదురు నడక ఉండదు. కానీ ఊరికే తలుపు తెరిస్తే జనం అటు వెళ్లరు. చుక్కలైతే చెప్పినట్టు వెళ్తాయి, మన వాళ్లకు ఏదైనా కనపడాలి. అందుకని ముందు గుమ్మం దగ్గరుండే కిళ్లీ బల్ల, ఐస్‌క్రీమ్ బల్ల పక్క తలుపు బయటికి మార్చమంది. అక్కడ పందిరి, ఫ్యాన్లు, తర్వాతి బంతికి ఆగేవాళ్లకు కుర్చీలు, మజ్జిగ.

దీనికి శాంతయ్య అడ్డం తిరిగాడు. కిళ్లీ గుమ్మం దగ్గర లేకపోతే మర్యాద ఉండదన్నాడు. అక్కడ నేను పనికొచ్చాను. ఈమధ్య హైదరాబాదులో పెద్ద పెద్ద పెళ్లిళ్లలో కిళ్లీ పక్క తలుపు దగ్గరే ఇస్తున్నారని, గుమ్మం దగ్గర పెడితే పాతకాలం వంటవాడనుకుంటారని చెప్పాను. హైదరాబాదులో ఏ పెళ్లికి వెళ్లావని ఆయన అడిగాడు. అన్నింటికీ అన్నాను. ఆ మాటతో బల్లలు కదిలాయి.

ఆఖరున ఇంకో చిత్రం చేసింది. గుమ్మం ముందు, మధ్యలో కాకుండా కొంచెం పక్కగా ఒక స్తంభం ఉంటే గుంపు రెండుగా చీలి ఒత్తిడి తగ్గుతుందట. చుక్కలతో చూపించింది, నిజమే. కానీ అద్దె హాల్లో స్తంభం ఎవరు కడతారు? నీరజ నా వైపు చూసింది.

"నువ్వు కుర్చీ వేసుకుని అక్కడ కూర్చో తాతయ్యా. నిన్ను ఎవరూ తొయ్యరు. ఒక్కటే, ఎవరితోనూ మాట్లాడకూడదు. నువ్వు మాట్లాడితే జనం ఆగిపోతారు. స్తంభాలు కబుర్లు చెప్పవు."

ఇంత చేశాక నాయనమ్మను పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది. కర్చీఫులు వేసే చుక్కలు, తిరిగి వచ్చే చుక్కలు, పక్క తలుపు, స్తంభం. పసుపు చుక్క ఎక్కడా ఆగకుండా లోపలికి వెళ్లింది. మా ఆవిడ అంతా శ్రద్ధగా చూసింది.

"బాగానే ఉందమ్మడూ. కానీ చుక్కకి తుంటి ఉండదు," అంది.

నీరజ కంప్యూటరు మూసేసింది. ఆమె ఓడిపోవడం నేను చూసింది అదొక్కసారే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తల దించుకుంది. మా ఆవిడ లేవబోయి ఆగింది. కర్రను అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకుంది.

"ఒక పని చేస్తే వస్తా. నువ్వు ముందు పరిగెత్తకూడదు. కుర్చీ లేదు, గిర్చీ లేదు. నా పక్కన నడవాలి."

పెళ్లి రోజు నీరజ చెప్పినచోట నేను కూర్చున్నాను, ఒళ్లో పన్నీరు బుడ్డితో. మొదటి బంతి లేస్తోందన్న మాట పందిట్లోకి రాగానే జనం కదిలారు. నా ముందుకు వచ్చి రెండుగా చీలారు, నా రెండు పక్కల నుంచీ గుమ్మంలోకి వెళ్లారు. నా చిన్ననాటి స్నేహితుడు పలకరించాడు, నేను పలకలేదు. మా బావగారి తమ్ముడు ఆరోగ్యం ఎలా ఉందన్నాడు, స్తంభంలా చూశాను. నాకు మాట పడిపోయిందని ఆ మధ్యాహ్నానికి నందిగామ దాకా పాకింది. జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే.

అప్పుడు వాళ్లిద్దరూ వచ్చారు. మా ఆవిడ కుడిచేతిలో కర్ర, ఎడమచెయ్యి నీరజ భుజం మీద. నీరజ ఎత్తు ఆ చేతికి సరిగ్గా సరిపోయింది. గుమ్మానికి ఎడమ పక్క, ఆ చోటు దగ్గర, మా ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఎదురుగా ఒక్క మొహం లేదు, అన్నీ వీపులే. అడుగు వేసింది. గుమ్మం దాటింది.

నేను స్తంభం పదవికి రాజీనామా చేసి వెనకే వెళ్లాను. ఆ తర్వాత జరిగింది ఏ కంప్యూటర్లోనూ లేదు.

లోపల ఒక్క కుర్చీ లేదు. ఏ వరస చూసినా కర్చీఫు, తాళాలు, పర్సు. నీరజ ఏం మర్చిపోయిందో నాకూ అప్పుడే తెలిసింది. గుమ్మం గురించి అంత ఆలోచించిన పిల్ల, కుర్చీ పట్టనని మాటిచ్చిన పిల్ల, కుర్చీ లేకపోతే ఏం చేయాలో ఆలోచించలేదు. పక్క తలుపు వైపు చూసింది. తర్వాతి బంతికి కూర్చుందాం నాయనమ్మా, అక్కడ ఫ్యాన్లున్నాయి అంది. అవతలి వరసలో శాంతయ్య మనుషులు బూరెల బేసిన్లు దింపుతున్నారు.

మా ఆవిడ వినిపించుకోలేదు. దగ్గర్లో ఉన్న వరస వైపు నడిచింది. ఒక చిన్నపిల్ల నాలుగు కుర్చీల మీద చేతులు చాచి కాపలా కాస్తోంది. చివరి కుర్చీ మీద పూల కర్చీఫ్. మా ఆవిడ ఆ కర్చీఫ్ తీసింది, మడిచింది, పిల్ల చేతిలో పెట్టింది. కూర్చుంది.

పిల్ల గాభరాపడి, "అక్కడ మనుషులున్నారు బామ్మగారూ," అంది.

"ఉన్నాను కదమ్మా," అంది సత్యనారాయణమ్మ, ఆకు మీద నీళ్లు చల్లుకుంటూ.

దానికి ఎదురు చెప్పే చట్టం ఆ పిల్లకు తెలియదు, నాకూ తెలియదు. నీరజ నవ్వింది. నవ్వుతూనే నాయనమ్మ కుర్చీ వెనక చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఆ పిల్ల తండ్రి వచ్చి చూశాడు. ఇంటివాళ్లందరినీ పక్క తలుపు వైపు తీసుకెళ్లాడు. ఆ రోజు భోజనానికి ముందే ఐస్‌క్రీమ్ తిన్న మొదటి కుటుంబం వాళ్లదే, పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారట. గుమ్మంలో ఎవరూ ఎవరికీ ఎదురు రాలేదు. మా ఆవిడ బూరెలు ఎన్ని తిన్నదో చెబితే మళ్లీ నమ్మరు. వేడివే తిన్నది.

ఇదంతా రాసి, మొన్న వేదాద్రిలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు నీరజకు చూపించాను. భోజనాల పందిట్లో కూర్చుని ఆసాంతం చదివింది. పక్కన ఖాళీ కుర్చీ మీద చున్నీ కొస పరిచి ఉంటే నేను దాని మీదే కూర్చున్నాను. చదవడం అయ్యాక కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు తాతయ్యా. నన్ను ఎవరూ ఏ కిటికీలోంచీ వెయ్యలేదు. నేను పసుపు చుక్క పెట్టలేదు, ఏడవలేదు. నువ్వు స్తంభంలా నోరు మూసుకుని కూర్చున్నావంటే అసలు ఎవరూ నమ్మరు. నేను జన్మలో ఎక్కడా కుర్చీలు పట్టలేదు. లే ముందు, అక్కడ మనుషులున్నారు."